ఊట

సర్జాపుర రోడ్డు మీద, ఏసీ గదిలో
చెరువు గురించి మీటింగు.
గోడ మీది బొమ్మలో చెరువు నీలంగా ఉంది.
కిటికీ తెర తొలగిస్తే నురగ.

నేను దుబాసీని. పూటకు రెండు వేలు.
సుంకన్నది వడ్డెరల తెలుగు.
నాలుగు తరాలుగా ఈ ఊరి బావులు తవ్వి తవ్వి
అంచులకు కన్నడం అంటుకున్న తెలుగు.
కుర్చీలో సగమే కూర్చున్నాడు,
మిగతా సగం ఇంకెవరిదో అన్నట్టు.

జీవవైవిధ్య రిజిస్టరులో పదకొండు గడులు.
మొక్క పేరు, చేప పేరు, వాడుక,
చివర, చెప్పినవారి వేలిముద్ర.
"మీకు తెలిసింది చెప్పండి" అన్నారు మేడమ్‌గారు.

చెప్పాడు.
పైన ఎర్రమన్ను రెండు నిలువులు, కింద సుద్ద,
దాని కింద మొరం.
మొరంలో చెయ్యి పెడితే
ఎద్దు ముక్కులా చల్లగా తగలాల.
మీరు పద్నాలుగు వందల అడుగులు బోరు దించితిరి,
అవి తాతలు దాచిన నీళ్లు.
పైనీళ్లు మనవళ్లవి,
వానకొస్తాయి, ఎండకు పోతాయి,
వాటితోనే కాపురం చెయ్యాల.
తూర్పు కాలవ మీద మేడలు లేచినాక
ఊట పోయింది.

నేను నోరు తెరిచేలోగా మళ్లీ అన్నాడు,
"ఊట పోయింది సార్."

కన్నడంలో ఊటంటే భోజనం.
అయ్యో, ఊట ఆగిల్వా అని నొచ్చుకుని
పెద్దాఫీసరు బెల్లు కొట్టాడు.
ప్లేటొచ్చింది. బిసిబేళెబాత్, మీద బూందీ.
సుంకన్న నా వైపు చూశాడు.
నేను నవ్వాను. అదే నా తప్పు.
నా నవ్వు ఆగేసరికి
వాళ్లు ఎజెండాలో తర్వాతి అంశంలో ఉన్నారు.

తిన్నాడు.
అన్నం మీద అలగడం వాళ్ల ఇంటా వంటా లేదు.
మెతుకు మిగల్చకుండా తిని, చెయ్యి కడుక్కుని,
వేలిముద్ర అడిగితే మాత్రం
ఆ చేతిని వెనక్కి దాచుకున్నాడు.
"నేను చెప్పింది ఏం రాసినారో చదువమ్మా."

చదివాను.
"స్థానిక ప్రతినిధి భోజన సమస్య పరిష్కరించబడింది."

ఎవరో దగ్గారు.
మేడమ్‌గారు వైట్‌నర్ కోసం బ్యాగు వెతుకుతున్నారు.
సుంకన్న లేచాడు. ఇంకుప్యాడు ముట్టలేదు.
గ్లాసులో వేలు ముంచి
బల్ల మీది మ్యాపులో, తూర్పు మూల,
ఒక చుక్క పెట్టాడు.
"ఈడ తవ్వితే దొరుకుతాది. కాలవ వదిలితే."

ఏసీ గాలికి ఆ తడి
అంచుల నుంచి ఆరిపోతోంది.
దాని చుట్టూ పెన్నుతో గబగబా సున్నా చుట్టాను.
అది దుబాసీ పని కాదు.
ఆ పూట రెండు వేలకు
నేను చేసిన పని మాత్రం అదొక్కటే.