చావుకబురు

బ్ర్నోలో రెండు దాటింది.
ఆఖరి ట్రామ్ ఎప్పుడో పోయింది.
జ్దిస్లావా ముందు తెరమీద
కెర్నెల్ ఒకటి చచ్చిపోతూ మాట్లాడుతోంది.

మెమరీ నిండిపోయింది. ఆ ఒక్క ముక్క చెప్పడానికి
కొండవీటి చేంతాడు విప్పుతోంది:
ఈ అరలో ఇన్ని పేజీలు ఖాళీ, ఆ అరలో అన్ని,
ఎవరూ అడుగుపెట్టని అరల్లో
సున్నా, సున్నా, సున్నా.
సీరియల్ తీగ సన్నం.
అక్షరం వెనక అక్షరం క్యూ కట్టి
చెప్పడం పూర్తయ్యేలోగా
బతకాల్సిన పనులు కూడా ఊపిరాడక ఆగిపోయాయి.

"నేనే రాశానవి," అన్నాడు వ్లస్తిమిల్
థర్మాస్ మూత తిప్పుతూ.
"అప్పట్లో ఉన్నదంతా నాలుగు గిన్నెలు.
లెక్క ఒప్పజెప్పడం మర్యాద."

ఆమె వాదించలేదు.
పోయిన మార్చిలో ఆసుపత్రి నుంచి ఫోను:
నర్సు వార్డు పేరు చెప్పింది, మంచం నంబరు,
బీమా కాగితాలు, పార్కింగ్ ఏ గేటు దగ్గరో,
అన్నీ అయ్యాక, చివర్లో,
అక్క.

ఇప్పుడు తీసేస్తోంది.
సున్నాల అర ఒకటి. ఈ చావుతో సంబంధంలేని అర ఒకటి.
నూట ఎనభై వరసలు పదకొండుకు దిగబోతున్నాయి:
ఎవరు అడిగారు, ఎంత అడిగారు,
ఎవరిని చంపాం.

పన్నెండోదాని మీద వ్లస్తిమిల్ వేలు పెట్టాడు.
"ఇది ఉండనీ.
ఓస్ట్రావాలో ఒకసారి దీనివల్లే దొంగ దొరికాడు."
ఉండనిచ్చింది.

మళ్లీ చంపి చూసింది.
పన్నెండు వరసలు,
కింద మినుకుమనే గీత.
ఇంకేమైనా వస్తుందేమోనని కాసేపు చూసి
వ్లస్తిమిల్ చలికోటు వెతుక్కున్నాడు.