ఎర్రదారం

రాత్రి వాన నారుమడి పట్ట మీద కూర్చుని
తెల్లారినా దిగనంటుంది.
చీపురుకట్టతో కిందినుంచి ఒక్క పోటు పొడిస్తే
బుడుక్కున నా నెత్తినే పడుతుంది.
"తలంటు అయిపోయింది పో, టీ పెట్టు"
అని అవ్వ నవ్వుతుంది.

చంద్రగిరి దాటినాక పాకాల రోడ్డులో మా నర్సరీ.
మద్రాసు పక్క అల్పపీడనం పుడితే
మాకు బేరం పుడుతుంది.
పలక మీద సుద్ద కారి
మామిడంటు ధర చామంతిలో కలిసిపోయింది.
ఈ పూట ఎవరొచ్చినా అక్కడినుంచే గీసులాట.

నాయన బోర్లించిన నూనెడబ్బా మీద కూర్చుని
కవర్లు నింపుతా ఉంటాడు.
ఎర్రమన్ను రెండు గంపలు, పేడెరువు ఒకటి,
ఇసుక ఎంతంటే చెప్పడు,
పిడికిలి పట్టి చూపిస్తాడు:
ముద్ద నిలవాలి, వేలు తగిలితే విరగాలి.
అమ్మ టమోటా ట్రేల ముందర గొంతుక్కూర్చుని
గుంటకొక విత్తనం, తొంభై ఎనిమిది గుంటలు.
మధ్యలో ఫోను మోగితే
మళ్ళీ మొదటినుంచి.

తిరుపతి నుంచి స్కూటర్ మీద ఒకాయమ్మ:
"ఎండ రాదు, నీళ్ళు పొయ్యడానికి తీరదు,
చావని చెట్టేదైనా ఉందా?"
నాయన చేతులు దులుపుకుని ఆలోచించి
"ఉందమ్మా, గాంధీరోడ్డు అంగళ్ళలో.
వారానికోసారి దుమ్ము తుడిస్తే చాలు" అన్నాడు.
ఆమె నవ్వి, తిట్టి,
రెండు మనీప్లాంట్లు ముందర పెట్టుకుని పోయింది.

అంటు అనే మాటకు మా ఇంట్లో రెండు అర్థాలు.
నాయనది ఒకటి:
నాటుమామిడి మొక్కను ఏటవాలుగా కోసి
బేనీషా పుల్లను ఆనించి
గాలి దూరకుండా ప్లాస్టిక్ పట్టీ చుట్టేది.
అవ్వది ఇంకొకటి:
నెలకు మూడు రోజులు
నన్ను గేటుకాడ కుర్చీలో కూర్చోబెట్టేది.
"నీ నీడ పడితే మల్లెచిగురు మాడిపోతుంది పాపా."
ఆ మూడు రోజులు నేను పద్దు రాస్తాను.
పద్దుకేం కాదంట.
డబ్బుకు అసలేం కాదంట.

శ్రావణంలో నాయనకు జొరమొచ్చింది.
అవ్వ పెళ్ళికని పుత్తూరు పోయింది.
కోసుకొచ్చిన బేనీషా పుల్లలు
తడిగోనెలో ఒక్కొక్కటే నీరసిస్తా ఉంటే
కత్తి నేను తీసుకున్నాను.
ఆరోజు ఏ రోజో నాకు తెలుసు.
నలభై కట్టినాను.
ఒక్కోదాని మెడకు గుర్తుగా ఎర్రదారం ముడి.
అమ్మ అడిగితే
"చీడమందు కొట్టినవాటికి" అన్నాను.
అమ్మ నా మొహం చూసి
ఇంకేం అడగలేదు.

ఇప్పుడు కార్తీకం.
ఎర్రదారాల వరసలో రాగిరంగు ఆకులు
పచ్చబడే తొందరేమీ లేకుండా వేలాడతా ఉన్నాయి.
నలభైలో మూడు పోయినాయి.
పక్క వరసలో నాయనవి, నలభైకి నాలుగు.
రెండు లెక్కలూ పద్దులో ఉన్నాయి.
పేర్లు రాయలేదు.

దామలచెరువు చెంగల్రాయుడు ట్రాక్టరు దిగి
దారాలున్నవే ఏరుకున్నాడు.
అతుకు కాడ బొటనవేలు పెట్టి నొక్కి
"ఎవురిదిబ్బా ఈ కట్టు? హస్తవాసి బాగుండాది" అన్నాడు.
నాయన నా వైపు చూడలేదు,
అవ్వ వైపు చూసినాడు.
అవ్వ తమలపాకు ఈనె తీస్తా
తీసిందాన్నే మళ్ళీ తీస్తా ఉంది.

మాపటేళ, గంపలు కడిగేటప్పుడు
నా పక్కన కూర్చుని మెల్లగా అనింది:
"ఆ ఎర్రదారం ఉండ నాది.
కనకాంబరాలు కట్టుకునేది.
అడిగి తీసుకోవచ్చు గదా."

ఏం చెప్పాలో తెలియక నేను పైకి చూస్తే
చినుకులు మొదలైనాయి.
పట్ట మళ్ళీ నీళ్ళోసుకుంది.
చీపురుకట్ట యాడ పెట్టినానో.