బుధవారం కూర

ఏడూ పది.
మూడు లాంతర్ల కాడ బండికి గొలుసేసి, తాళమెట్టి
సంచిలో రెండే తెచ్చినాను:
అరకేజీ పంది మాసం,
దెబ్బతిన్న అనాస ఒకటి.

అనాస సీతంపేట కొండది.
పొద్దున్న లారీ దించినప్పుడే ఓ పక్క మెత్తబడింది.
బేరమాడినోళ్ళంతా బొటనేలితో అక్కడే నొక్కి
పక్కదాన్ని పట్టుకెళ్ళినారు.
సందేళకి ఆ గుంటలో
నా బొటనేలు కూడా సరిపోయింది.

మాసం ఎర్రయ్య దాచినాడు.
ఆదివారం తప్ప కొయ్యడు.
ఇయ్యాల మేనల్లుడి పెళ్ళిమాటలని కోసినాడట.
"తొడ ముక్క, బేగి ఉడికిపోద్ది.
కొవ్వు ఏలెడు ఉంచినాను, తియ్యకు" అన్నాడు.
తియ్యడమేటి,
ఇంట్లో నూనె డబ్బా బోర్లించి రెండ్రోజులైంది.

అసిరి ఎనిమిదిన్నరకి పడుకోవాల.
మూడుకి లేచి, నాలుక్కి మస్తరు కాడ
ఏలిముద్ర ఎయ్యాల. చీపురికి అరిగిన ఏలు,
ఒక్కోపాలి మిషను ఒప్పుకోదు.
నాకున్నది గంటా ఇరవై నిమిషాలు,
ఒక పొయ్యి. రెండోది అంటుకోదు.

ముక్కలు చింతగింజంత కాదు, ఉసిరికాయంత.
కుక్కర్లో పసుపు, ఉప్పు, నాలుగు ఈలలు.
ఆ ఈలల మధ్యే అనాస చెక్కాల, చింతపండు పిసకాల,
గుంటకి తొమ్మిదో ఎక్కం అప్పజెప్పించుకోవాల.

మూకుట్లో మాసమేస్తే
దాని నూనె అదే వదిలింది.
ఎవుర్నీ అప్పడగని కూర ఇదొక్కటే.
అంచులు ఎర్రబడ్డాక ఎండుమిరప, ఎల్లుల్లి,
చింతపులుసు, ఆ పైన బెల్లం ముక్క.
ఆఖర్న అనాస.
బుడగలు ముందు గలగలమంటాయి,
చిక్కబడే కొద్దీ గొంతు తగ్గించి
గుబుక్ గుబుక్ మంటాయి.

ఇదివరకు ఇలాగొండేవోణ్ణి కాదు.
ధనియాలేపి, లవంగం దంచి
ఈదంతా గుబాళించేలాగొండేవోణ్ణి.
జొరాల ఏడాది అసిరికి వాసన పోయింది.
తిరిగొస్తాదన్నారు. రాలేదు.
"కాలవలు తీసేదానికి నీ అంత అదృష్టం ఎవులికప్పా"
అని తోటోళ్ళు నవ్వితే
అదీ నవ్వినాదట.
ఆ రేత్రి ఉల్లిపాయలు ఏపుతా
కళ్ళు తుడుసుకుంది.
ఉల్లికా అని నేనడగలేదు.

అప్పట్నించి ముక్కునొదిలేసి
నాలిక్కి వండుతున్నాను.
ఈదిగుమ్మం మూసుకుంటే
దొడ్డిగుమ్మం ఉంటాది కదా.
పులుపు ఓ మెట్టెక్కువ, తీపి దాని ఎనకే,
కారం సివర్న, గొంతు కాడ కాసుకుని.

ఎదురింటి మేడ మీద కిటికీ టక్కున మూసుకుంది.
పందోళ్ళు మొదలెట్టేరన్న మాట
మూసుకోకముందే దిగిపోయింది.
ఆళ్ళకి అక్కర్లేని వాసన
నా ఇంట్లో కావలసిందానికి అందట్లేదు.
పంచిపెట్టడం తెలీదు గాలికి.

"నాన్నా, పులుపు" అంది గుంట, గరిటె నాకి.
బెల్లమేసినాను.
"ఇప్పుడు తీపి."
చింతపులుసు పోసినాను.
"మళ్ళీ పులుపు."
ఇదేటి బేరమే అని నేను, నువ్వే కదా అడిగేవని అది,
ఇద్దరం తగువులో ఉండగా

లోపలి గదిలోంచి,
గోడకేసి తిరిగి పడుకున్న అసిరి
"అడుగంటుతున్నాది" అంది.

గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయినాను.
గుబుక్కులు ఆగిపోయి
సుర్రుమన్న సప్పుడు ఇన్నాదేమో.
ఈ మూకుడు సంగతి తెలిసి ఊరకే అన్నాదేమో.
గుమ్మం కాడికెళ్ళి నోరు తెరిసి
మళ్ళీ మూసుకున్నాను.
అడిగితే జవాబొస్తాది.

పొయ్యి ఆపి, అడుగు కదపకుండా
పైపైది దాని కంచంలోకి తీసినాను.
మాడిన బెల్లం పట్టిన ముక్కలు నాకు.
ఎనిమిదీ ఇరవై.
అనాస ముక్కలు ఎవులికీ లేవు,
తగువు మద్దిలోనే
గుంట ఏరేసుకుంది.