గేట్ల లెక్క

నీళ్ళ శాంపిల్ కోసం వచ్చాను నేను,
ద్రాక్ష కోసం కాదు.
హిమాయత్ సాగర్ దిగువన, ఈసీ ఒడ్డున,
రింగురోడ్డు చప్పుడు తుమ్మలు దాటొచ్చి
పందిళ్ళ కింద పడుకునే చోట
బోరు దగ్గర కూర్చుని మూడు సీసాలు నింపుకున్నాను.
"ఉత్త నీళ్ళేనా సార్?" అంది చిలుకమ్మ.
చేతిలో కత్తెర, కొంగునిండా అనాబ్ గుత్తులు.

ఒకప్పటి కోళ్ళ షెడ్డు అది.
ఇప్పుడు స్టీలు డ్రమ్ములు,
తలుపుకి రెండు తాళాలు:
ఒకటి ఇంటిది, ఒకటి ఆబ్కారీది.
కూతురు సునంద డ్రమ్ముకి చెవి ఆనించి వింటోంది,
లోపల రసం పొంగుతుంటే,
జ్వరమొచ్చిన బిడ్డ ఛాతీ విన్నట్టు.

సీసాల మీద సంవత్సరం లేదు.
సుద్దముక్కతో అంకెలు. రెండు. ఆరు. సున్నా.
"గేట్లు సార్. ఆ వానాకాలం సాగర్‌కు
ఎన్ని గేట్లు లేపిన్రో గన్ని."
సున్నా తియ్యన.
వాన లేని ఏడు పండు చిన్నది,
ఉన్నదంతా చక్కెర చేసి దాచుకుందట.
రెండు, చుట్టాలకి పోసేది.
ఆరు గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

పై అరలో పదమూడు. ఒక్కటే సీసా.
కొమ్మలు కత్తిరించిన మూడోనాడు
ఏరు పందిరెక్కిన రాత్రిది.
మోటరు విప్పుకొద్దామని దిగిన దశరథం
తెల్లారేదాకా రాతికడీని కావలించుకునే ఉన్నాడు.
చొక్కా గుండీ తీసి గీతలు చూపించాడు,
నవ్వుతూ, ఆ నవ్వు సగంలో ఆపి.
"ఇప్పు బిడ్డా. ఎన్నొద్దులు దాస్తం?
నీళ్ళ సారే వచ్చిండు."

ఇరవై రెండేళ్ళుగా నీళ్ళకి అంకెలు వేస్తున్నాను.
నోట పెట్టొద్దన్నది మా మొదటి పాఠం.
స్టీలు గ్లాసులో రెండు గుక్కలు.
తడిసిన పలక. తుప్పు.
మింగాక, చాలాసేపటికి, ఉసిరి.
ఎంత వెతికినా భయం దొరకలేదు నాకు.
"పుల్ల నీళ్ళు, నాకైతే ఈతకల్లే" అని
చిలుకమ్మ మళ్ళీ తీగల్లోకి పోయింది.

ఖాళీ సీసాని సునంద బోరునీళ్ళతో కడిగి
మేకుకి బోర్లించింది.
సుద్ద నా అరచేతికి అంటింది,
పదమూడు, తిరగబడి.

కారు దాకా వచ్చాడు దశరథం.
ఏటి వైపు మాత్రం చూడడు.
"ఈ యేడు ఎన్ని లేపుతరంటవ్ సార్?"
అది మా శాఖ కాదన్నాను.
తలూపాడు.
అయినా డోరు మీంచి చెయ్యి తియ్యలేదు.