కార్గో కాంటా

డక్టుల ఇరుక్కున్ననాడు
లోపల నేను, బయట నా కాళ్లు.
ఫోర్‌మన్ రొడ్రిగో నడుము పట్టి గుంజుతాంటే
రేకు అంచు కడుపు మీద గీత గీసింది,
సుద్దముక్కతోని గీసినట్టు:
గీడిదాక నువ్వు, గీడికెల్లి నీ కొవ్వు.

"వచ్చే నెల గోడౌనుకు పో" అన్నడు.
గోడౌనంటే ఓవర్‌టైం ఉండది,
ఓవర్‌టైం లేకుంటే కోరుట్లల చిట్టి ఆగుతది.
గట్ల మొదలైంది నా డైటు.
డాక్టరు కాదు, రేకు చెప్పింది.

సల్మాబాద్‌ల మాది ఏడుగురి మెస్సు.
ఒకటే గంజు, ఒకటే కొలత:
తలకొక గిలాస బియ్యం,
భూమేశ్‌కు గిలాసన్నర అని
పదకొండేండ్ల కింద ఎవడు రాసిండో గోడ మీద.
"ఇయ్యాల్టి సంది నాకు సగం" అంటే
రాజలింగు గంటె ఆపి చూసిండు.
"ఇంటికాడ ఎవలన్న సచ్చిండ్రా?"

మొదటి వారం ఆకలి
పాత ఏసీ లెక్క
రాత్రంత ఆగి ఆగి మొరిగింది.
నేను కీర కొరుకుతాంటే
పక్క మంచం ముకీతు
"మన రూంల కుందేలు వడ్డది భాయ్" అని నవ్విండు.
నాలుగోనాడు వాడే
కరక్ చాయ్ బందు జేపిచ్చి
చక్కెర లేని నల్ల చాయ్ తెచ్చిండు,
రెండు కప్పులు.
"ఒక్కనివే చేదు తాగితే చూడబుద్దైతలేదు."

పంచాయితంత ఇంట్లనే.
వీడియో కాల్‌ల సుగుణ ఫోను మొఖానికి ఆనిచ్చుకొని
"దవడలు గుంజుకపోయినయి,
జీతమిస్తలేరా?" అన్నది.
మా వాడకట్టు లెక్క గదే,
గల్ఫోడు లావైతేనే పైసలున్నట్టు.
బొజ్జే మా బ్యాంకు బుక్కు,
చెంపలు చూసి అప్పులోళ్లు వాయిదా ఇస్తరు.
ఎట్ల చెప్పాలె ఆమెకు,
ఇది సుఖంగ తిన్న బొజ్జ కాదని,
రాత్రి పదకొండుకు డ్యూటి దిగి
పొద్దటి అన్నం, సల్లారిన పప్పు,
మాట్లాడెటోడు లేని గంటసేపు
అన్నీ కలిపి మింగితే పేరుకున్నదని.
"నెట్ కట్టయితాంది" అన్న.

తూకానికి కాంటా కావాలె గద.
షంసు కార్గో దుకాణంల
డబ్బాలెక్కే ఇనుప పలక మీద
బేస్తారం రాత్రి చెప్పులిడిసి నేనెక్కుత.
షంసు రశీదు బుక్కు తీస్తడు.
పంపెటోడు: చిలువేరి భూమేశ్.
నగ: ఒకటి.
బరువు: తొంబై ఎనిమిది కిలోల నాలుగు వందలు.
అందుకునెటోడు అన్నకాడ కలం ఆపి
"ఎవరికి?" అన్నడు.
"గది ఖాళీగుంచు."

గులాబీ రశీదులు దిండు కింద.
తొంబై ఆరు. తొంబై ఐదు. తొంబై ఐదు.
తొంబై ఐదు.
అంకె కదలకుంటే
నాకంటే రాజలింగు ఎక్కువ బేజారైండు.
శుక్రారం పొద్దుగాల నన్ను లేపి
గ్యారేజీల సందులకెల్లి హైవే బ్రిడ్జిదాక నడిపిచ్చిండు.
వచ్చేటప్పుడు వాని మోకాళ్లు పట్టుకుంటే
నేనే పట్టుకొని నడిపిచ్చిన.
తిట్టుకుంటనే నడిచినం ఇద్దరం.

గంతల లసుమయ్య వీసా క్యాన్సిలైంది.
పోయెటోనికి దావతు, రెండు బగోనెల బిర్యాని.
ఎంత తిన్ననో ఎర్కలేదు.
ఖాళీ అయిన వాని మంచం దిక్కు చూసుకుంట తిన్న.

ఆ బేస్తారం
పలక ఎక్కి కండ్లు మూసుకున్న.
"తొంబై నాలుగు" అన్నడు షంసు.
తల వంచి చూస్తే
పలక అంచు కింద వాని బొటనవేలు, పైకి లేపుకుంట.

అందరి డబ్బాల మీద
గదే వేలు పైకెల్లి ఒత్తుతదని
సల్మాబాదంత ఎర్కనే.
పదిహేనేండ్ల యాపారంల
ఒకరికి తక్కువ తూసుడు
వానికి ఇదే మొదలు.

నవ్వొచ్చింది, గొంతుల ఏదో అడ్డం వడ్డది.
"వేలు తియ్యి షంసు. సక్కగ రాయి."
తీసిండు.
తొంబై ఆరున్నర.
రాసిండు.
కింద ఖాళీ గడిల
ఈసారి వాడే మలయాళంల ఏదో గీకి
కాయితం చింపి చేతిల వెట్టిండు.

నాకు చదవరాదు.
ముకీతుకు రాదు, రాజలింగుకు రాదు.
ముగ్గురం లైటు కింద
తిప్పి తిప్పి చూసినం.
వచ్చే బేస్తారం పోయి అడగాలె.