నాలుగో గ్లాసు

గ్లాసుల అడుగున సుద్దముక్కతో అంకెలు వేశాను,
ఒకటి నుంచి ఏడు.
పేర్లు నా చొక్కా జేబులో, మడిచిన బస్సు టికెట్టు వెనక.
పదకొండేళ్లుగా ఈ లోయ బీరుకు నాలుక అప్పిచ్చేది నేనే.
బస్సు నడిపేవాడు అందరితో మాట్లాడతాడని,
ఎవరి పక్షమూ చేరడని.

నవంబరు. వోస్ కొండల మీద మొదటి మంచు
జల్లెడలోంచి పిండి రాలినట్టు.
గున్‌వోర్ పడవల కొట్టంలో ఏడిళ్ల వాళ్లు,
ఊలు టోపీలైనా తీయకుండా,
ఒకరి గ్లాసు ఒకరు చూస్తూ, చూడనట్టు.

మొదటిదాంట్లో జూనిపర్ కొమ్మలు
ఉడకాల్సిన దానికన్నా ఎక్కువ ఉడికాయి.
పండని ఆపిల్ కొరికినట్టు నాలుక పిడచగట్టింది.
రాశాను: అడవి ఎక్కువ, బార్లీ తక్కువ.

రెండోది తీపి. మరీ మర్యాదైన తీపి.
కొత్తగా వచ్చిన పాస్టరులా నవ్వింది, ఏమీ చెప్పలేదు.

మూడోది పొగ.
తడిసిన మేజోళ్లు పొయ్యి మీద ఆరేసుకుని
తెల్లవార్లూ కూర్చున్న ఒక రాత్రి గుర్తొచ్చింది.
అది పొగడ్తో తిట్టో నాకే తెలీదు.
మూడు మార్కులు వేసి, కొట్టేసి, మూడున్నర వేశాను.

నాలుగోది.
ఆగాను.
నారింజ తొక్క గిల్లితే కంట్లోకి చిమ్మే తుంపర ఉంటుందే,
అది ముక్కుకు తగిలింది.
వెనకే వేడి రొట్టె పైపొర.
చివర చేదు, ఎవరో తలుపు నెమ్మదిగా
దగ్గరకు వేసినట్టు.

ఐదు, నీళ్లు. ఎవరిదైనా నన్ను క్షమించాలి.

ఆరోది ఎత్తాను. మళ్లీ అదే నారింజ.
అదే రొట్టె, అదే తలుపు.
రవ్వంత ఉప్పు తగిలిందేమో, బావి వేరు కాబట్టి.
రొట్టెముక్క నమిలి, నీళ్లు పుక్కిలించి,
కళ్లు మూసుకుని నాలుగు, ఆరు, ఆరు, నాలుగు.
జేబులో టికెట్టు తీయకుండానే తెలిసింది:
ఒకటి షూర్‌ది, ఒకటి అర్న్‌ఫిన్‌ది.

పడవ రేవు కోసం తొమ్మిదేళ్లుగా మాటల్లేవు ఇద్దరికీ.
నా బస్సులో ఒకడు ముందు తలుపు ఎక్కితే
రెండోవాడు వెనక తలుపు దిగిపోతాడు.
పీపా కూడా ఒక ఏడు ఒకడిది, మరో ఏడు మరొకడిది.
ఈసారి ఎందుకో, ఎవరు లెక్క తప్పారో,
రెండూ వచ్చాయి.

వాళ్లమ్మ బొర్గ్‌హిల్డ్
ఈస్టును చెక్క కడియానికి పట్టించి అటక మీద ఆరేసేది,
పెరుగుకు తోడు దాచినట్టు.
మాల్టు రసం ఇంకా చెయ్యి కాలేంత వేడిగా ఉండగానే
కడియం అందులో ముంచి, గంగాళంలోకి వంగి
పెద్ద కేక పెట్టేది.
కేక వినకపోతే ఈస్టు నిద్ర లేవదట.
బడికి పోతూ రోడ్డు మీద నేను ఉలిక్కిపడేవాణ్ణి.

ఆమె పోయాక కడియాన్ని రంపంతో కోశారని విన్నాను.
కొలిచి మరీ, సరిగ్గా సగానికి.
ఒకడి ఫ్రిజ్‌లో ఒక సగం, ఇంకొకడి ఫ్రిజ్‌లో ఇంకో సగం.
తోడబుట్టినవాళ్లు మాట మానేశారు,
తోడు మానలేదు.

"ఏది గెలిచింది?" అంది గున్‌వోర్.
నేనేం చెప్పను?
నాలుగునూ ఆరునూ ఒకే జగ్గులో వంపి
బల్ల మీద ఆ చివర నుంచి ఈ చివరకు పంపించాను.

షూర్ ఒక గుక్క తాగాడు. మీసం తుడుచుకున్నాడు.
"ఇది నాదే" అన్నాడు, గోడతో.
జగ్గు బల్ల చివరిదాకా పోయింది.
అర్న్‌ఫిన్ తాగాడు, ఇంకో గుక్క తాగాడు.
"కాదు."

తొమ్మిదేళ్ల తర్వాత అన్నతో అతను అన్న మొదటి మాట అది.
తర్వాత ఇద్దరూ లేచి నిలబడి
బార్లీ గురించి, బావుల గురించి, కడియంలో
పెద్ద సగం ఎవరికి పోయిందనే దాని గురించి
ఆపకుండా అరుచుకున్నారు.
కొట్టం పైకప్పు మంచు కాస్త జారింది.
పీపాలో ఈస్టు ఏమైనా మిగిలి ఉంటే
ఈపాటికి లేచే ఉంటుంది.

ఆ గొడవలో ఏడో గ్లాసు ముట్టుకోనే లేదు నేను.
అది గున్‌వోర్‌ది.
ఆవిడ నన్నే చూస్తోంది.