కాలమ్ నాలుగు

కాలమ్ నాలుగు: వ్యాపారం ఏమిటి?
"గుర్రం" అన్నాడు ఎర్రినాయుడు.
కంప్యూటర్ జాబితాలో టీకొట్టు ఉంది, చెప్పుల బండి ఉంది,
గుర్రం లేదు.
'ఇతరములు' నొక్కాను.

బీచ్ రోడ్డుకి తాళ్లు కట్టిన నాటి నుంచీ
రెండు వేసవులు
రెల్లివీధి సందులో నిలబడే ఉందట,
తుఫాను ఏడాది పుట్టిందని
హుద్‌హుద్ అని పేరు పెట్టుకున్న ఆ గుర్రం.
ఉలవలు అయిపోయాక
పూర్ణా మార్కెట్లో ఏరి పారేసిన క్యాబేజీ ఆకులు.
మెడలో ఇత్తడి మువ్వలు ముందు పోయాయి,
తర్వాత జీను.
"గుర్రాన్ని కూడా కుదవెట్టీసీవోణ్ణి బాబూ,
ఎవుడు తీసుకుంతాడు?
అది తింతాది గదా."

మూడు సంతకాలు, రెండు ఫొటోలు, పదివేలు.
జీను తిరిగొచ్చింది. మువ్వలు రాలేదు.
మొదటి వాయిదా వచ్చే నెల అయిదున.

ఇవాళ సాయంత్రం ఆరు దాకా అన్నారు.
నేనూ వెళ్లాను, మాస్కు గడ్డం కిందకి లాగి.
మురీ మిక్చర్ బండి దగ్గర
పచ్చి ఉల్లిపాయ ఘాటు.
పక్కన కొబ్బరిబొండాల బండి మీద
నీలం పట్టా కప్పినది కప్పినట్టే ఉంది.
ఎవరూ దాని సంగతి ఎత్తలేదు.

ఓ పాపని ఎక్కించుకుని
హుద్‌హుద్ నడిచింది, నడిచి
కాళీ గుడి ఎదురుగా ఠక్కున ఆగిపోయింది.
నిన్నటి దాకా బారికేడ్ ఉన్న చోటు.
ఇసుకలో కర్రలు పీకిన గుంతలు రెండు.

ఎర్రినాయుడు లాగలేదు, అదిలించలేదు.
దాని చెవిలో ఏదో చెబుతున్నాడు.
"ఛల్ ఛల్" అంటోంది పైన పాప.
కెరటం వచ్చి ఒక గుంత పూడ్చి పోయింది.
గుర్రం ఇంకా
ముందుకాలు ఒకటి ఎత్తి ఉంచింది.